నెలలు నిండని పిల్లల కంటిజబ్బు: ఒక లెక్కల గుమాస్తా చదివిన చరిత్ర

మా హేతువాద సంఘం నెలవారీ సమావేశాల్లో పాతికేళ్లుగా తాయెత్తుల మీదా, బాబాల మీదా, పసరు మందుల మీదా మాట్లాడుతూ వచ్చాను. ఈ వ్యాసంలో అవీ వస్తాయి గానీ అసలు విషయం వేరు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు వచ్చే ఒక కంటిజబ్బు చరిత్ర ఇది. ఈ జబ్బును పట్టుకునే పరీక్ష ఉంది. ఆపే వైద్యం ఉంది. కానీ ఫలానా తేదీలోగా బిడ్డను తీసుకురమ్మని తల్లిదండ్రులకు అర్థమయ్యేలా ఎవరూ చెప్పకపోతే ఆ రెండూ దండగే. ఈ సంగతి నేను పుస్తకాల్లో చదవడానికి ముందే మా ఇంట్లో చూశాను.

నేను డాక్టర్ని కాదు. బి.కాం. చదివి రక్షణ శాఖ ఖాతాల ఆఫీసులో ముప్ఫై ఐదేళ్లు వోచర్లు సరిచూసి రిటైరైనవాణ్ణి. ఒక అంకె పక్కన దాని ఆధారం లేకపోతే సంతకం పెట్టకపోవడం మా వృత్తి. అలాంటి వాణ్ణి ఒక కాగితం దగ్గర ఎలా బోల్తాపడ్డానో ముందు చెప్పుకుంటాను.

2008 అక్టోబర్లో మా చెల్లెలి కూతురికి ఎనిమిదో నెల పడగానే కాన్పు అయింది. లెక్క ప్రకారం 31 వారాలు. మగపిల్లవాడు, 1,300 గ్రాముల బరువు. ఏడో నెల బిడ్డ దక్కుతాడు, ఎనిమిదో నెల బిడ్డ దక్కడు అని మన పెద్దవాళ్లు అంటారు కదా, ఇంట్లో అందరికీ అదే భయం. పట్నంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో 24 రోజులు బాక్సులో పెట్టారు. బతికాడు. డిశ్చార్జి రోజున ఇంట్లో లెక్కలు తెలిసినవాడు కాబట్టి నన్ను పంపించారు. నేను బిల్లు అంతా వరసగా చూశాను. రెండు రోజుల ఆక్సిజన్ ఛార్జీ రెండుసార్లు పడింది. పట్టుకుని తీయించాను. కౌంటర్లో ఉన్న కుర్రాడు 'సారీ సార్' అన్నాడు. ఆ రోజు చాలా గర్వపడ్డాను.

బిల్లుతోపాటు డిశ్చార్జి చీటీ ఇచ్చారు. దాని కింద, మందుల పేర్ల తర్వాత, చివరి నుంచి రెండో లైనులో 'ఆర్.ఓ.పి. – 4 వారాలకు' అని ఉంది. అదేమిటని నేను అడగలేదు. వాళ్లు చెప్పలేదు. చీటీని మడిచి ఫైల్లో పెట్టాను.

ఇంటికి వచ్చాక మా చెల్లెలి అత్తగారు పసివాడి మొలకు తాయెత్తు కట్టించింది. నేను ఊరుకుంటానా? ఆమెతో గంటసేపు వాదించాను. మా చెల్లెలు మధ్యలో వచ్చి, "అన్నయ్యా, ఆ తాయెత్తు గొడవ వదిలెయ్. మూడో నెల వచ్చేదాకా మాత్రం వీణ్ణి గడప దాటించం, అది నువ్వు కూడా ఒప్పుకోవాలి" అంది. ఒప్పుకున్నాను. బయట తిప్పితే జలుబో జ్వరమో వస్తుంది, ఈ ఆచారంలో కొంత మంచి ఉందిలే అనుకున్నాను. టీకాలకు కూడా నర్సమ్మే ఇంటికి వచ్చింది.

అయిదో నెలలో మా మేనకోడలు ఫోన్ చేసింది. "మామయ్యా, వీడు నా మొహం చూడటం లేదు, దీపం తిప్పినా చూపు కదలడం లేదు" అంది. హైదరాబాద్ తీసుకెళ్లాం. అక్కడి డాక్టరమ్మ మొదట అడిగిన ప్రశ్న ఒకటే: "నాలుగు వారాలకు కళ్లు చూపించారా?" ఫైలు తీసి ఆ చీటీ ఆమె ముందు పెట్టాను. అప్పుడు ఆ మూడక్షరాలు ఏమిటో చెప్పింది. 'రెటినోపతీ ఆఫ్ ప్రిమెచ్యూరిటీ'. అప్పటికే రెండు కళ్లలోనూ రెటీనా ఊడిపోయి ఉంది. రెండు ఆపరేషన్ల తర్వాత ఒక కంటికి వెలుతురు, చీకటి తేడా మాత్రం తెలుస్తోంది. రెండో కంటికి అది కూడా లేదు.

ఆ తర్వాత నేను ఈ జబ్బు గురించి దొరికిందల్లా చదవడం మొదలుపెట్టాను. చదివింది పాఠకులతో పంచుకుంటాను.

ముందు జబ్బు ఏమిటో చూద్దాం. కంటి వెనక గోడకు అంటుకుని ఉండే పలచని పొర రెటీనా. చూపు పుట్టేది అక్కడే. గర్భంలో సుమారు 16వ వారంలో కంటినరం దగ్గర మొదలై రక్తనాళాలు ఆ పొర మీద మెల్లగా అంచుల దాకా పాకుతాయి. ఆ పని పూర్తయ్యేసరికి దాదాపు 40 వారాలు, అంటే నెలలు నిండుతాయి. బిడ్డ ముందే పుడితే ఆ పని సగంలో ఉంటుంది. బయట బిడ్డకు అందే ఆక్సిజన్ గర్భంలోకన్నా ఎక్కువ. దాంతో నాళాలు పెరగడం ఆగిపోతుంది. కొన్ని వారాల తర్వాత, రక్తం అందని రెటీనా భాగం 'నాకు రక్తం కావాలి' అన్నట్టు రసాయనాలు విడుదల చేస్తుంది. అప్పుడు నాళాలు పిచ్చి తీగల్లా అడ్డదిడ్డంగా పెరుగుతాయి. అవి మచ్చ కట్టి, ముడుచుకుని, రెటీనాను గోడ నుంచి లాగేస్తాయి. ఎక్కువమంది పిల్లల్లో ఇది మధ్యలోనే తనంతట తాను సర్దుకుంటుంది. కొందరిలో సర్దుకోదు. బయట నుంచి చూస్తే కన్ను మామూలుగానే ఉంటుంది. తల్లికి అనుమానం వచ్చేసరికి సమయం దాటిపోతుంది.

ఈ జబ్బును మొదటిసారి వైద్య పత్రికలో వర్ణించినవాడు అమెరికాలోని బోస్టన్ కంటి డాక్టర్ థియొడోర్ టెర్రీ. అది 1942. కంటి కటకం వెనక తెల్లటి పొర కనిపించడంతో 'రెట్రోలెంటల్ ఫైబ్రోప్లేసియా' అని పేరు పెట్టారు. ఆ పదేళ్లలో ఒక విచిత్రం జరిగింది. మంచి ఆసుపత్రులు, కొత్త ఇంక్యుబేటర్లు, చదువుకున్న నర్సులు ఉన్నచోట పిల్లలు ఎక్కువమంది గుడ్డివాళ్లయ్యారు. సౌకర్యాలు తక్కువైన చోట ఈ జబ్బు అరుదు. 1950ల మధ్య వరకు ప్రపంచంలో సుమారు పదివేల మంది పిల్లలు దీనివల్ల చూపు కోల్పోయారని అంచనా. అందులో ఏడువేల మంది అమెరికా పిల్లలే. 1950లో నెలలు నిండకుండా పుట్టిన గాయకుడు స్టీవీ వండర్ వాళ్లలో ఒకడు.

కారణం ఏమిటని డాక్టర్లు తలలు పట్టుకున్నారు. వెలుతురు అన్నారు, విటమిన్లు అన్నారు, ఇనుము అన్నారు. న్యూయార్క్‌లో విలియం సిల్వర్‌మన్ అనే పిల్లల డాక్టరు ఉండేవాడు. ఆయన ఆసుపత్రిలో ఏ.సి.టి.హెచ్. అనే హార్మోన్ ఇచ్చి చూశారు. 31 మంది పిల్లలకు ఇస్తే 25 మంది మంచి చూపుతో ఇంటికి వెళ్లారు. ఆ మందు వాడని మరో ఆసుపత్రిలో ఏడుగురిలో ఆరుగురు గుడ్డివాళ్లయ్యారు. ఇంకేం, మందు దొరికినట్టే కదా? మన ఊళ్లలో కామెర్లకు పసరు పోసేవాడి దగ్గర కూడా ఇలాంటి లెక్కే ఉంటుంది.

కానీ సిల్వర్‌మన్ బృందం అక్కడితో ఆగలేదు. పెట్టెలోంచి రంగు గోళీ తీసి, ఏ రంగు వస్తే దాన్నిబట్టి ఒక బిడ్డకు మందు, ఇంకో బిడ్డకు మందు లేకుండా చూశారు. ఫలితం తిరగబడింది. మందు ఇచ్చిన పిల్లల్లో మూడోవంతు మంది గుడ్డివాళ్లయ్యారు, ఇవ్వని పిల్లల్లో ఐదోవంతు మంది మాత్రమే. పైగా మందు ఇచ్చిన వైపు చావులు ఎక్కువ. ముందు బాగుపడ్డ 25 మందిలో ఎక్కువమంది ఏ మందూ లేకపోయినా బాగుపడేవాళ్లే. కామెర్ల పసరు రహస్యం కూడా ఇదే. తగ్గే జబ్బుకు ఏది ఇచ్చినా అదే తగ్గించినట్టు కనిపిస్తుంది. పసరు పోసేవాడికీ సిల్వర్‌మన్‌కీ తేడా ఎక్కడుందంటే, సిల్వర్‌మన్ తన నమ్మకాన్ని తానే ఆడిట్ చేసుకున్నాడు.

అసలు దొంగను పట్టుకోవడానికి దారి చూపిన ఆధారాల్లో రెండు నా వృత్తికి దగ్గరివి. రెండూ డబ్బు లెక్కలు. ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్‌లో కేట్ క్యాంప్‌బెల్ అనే పిల్లల డాక్టరు 1951లో ఒక వ్యాసం ప్రచురించింది. మూడు చోట్ల పుట్టిన పిల్లలను ఆమె పోల్చింది. ఆక్సిజన్ ధారాళంగా ఇచ్చిన చోట నూటికి 19 మందికి ఈ జబ్బు వచ్చింది. పొదుపుగా వాడిన రెండు చోట్ల నూటికి 7. పొదుపుకు కారణం వైద్య విజ్ఞానం కాదు. ఆక్సిజన్ ఖర్చు రోగి ఇంటివాళ్ల మీద పడటమే. ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో మేరీ క్రాస్ అనే డాక్టరు ఇంకొకటి గమనించింది. 1948లో జాతీయ ఆరోగ్య సేవ మొదలై, ఆసుపత్రికి కొత్త పరికరాలు, కావలసినంత ఆక్సిజన్ వచ్చాకనే తమ ఊళ్లో ఈ జబ్బు కనిపించడం మొదలైంది. డబ్బు లేనప్పుడు లేని జబ్బు డబ్బు వచ్చాక వచ్చింది.

అయితే ఇవి అనుమానాలే, రుజువులు కావు. రుజువు కోసం వాషింగ్టన్‌లో ఆర్నల్ పాట్జ్ అనే యువ కంటి డాక్టరు 1951లో ప్రయోగం మొదలుపెట్టాడు. కొందరు పిల్లలకు మామూలుగా ఇచ్చే ఎక్కువ ఆక్సిజన్, కొందరికి అవసరమైనంత మాత్రమే. ప్రభుత్వ పరిశోధనా సంస్థ డబ్బు ఇవ్వనంది. ఆక్సిజన్ తగ్గిస్తే పిల్లలు చనిపోతారని వాళ్ల భయం. పాట్జ్ తన సోదరుడి దగ్గర అప్పు తీసుకున్నాడు. రాత్రిపూట కొందరు నర్సులు, ఈ డాక్టరు పసిపిల్లలకు ఊపిరి ఆడనివ్వడం లేదని జాలిపడి, తక్కువ ఇవ్వాల్సిన పిల్లలకు కూడా ఆక్సిజన్ తిప్పేసేవారట. వాళ్ల మనసు మంచిదే. ఆ మంచి మనసే పిల్లల కళ్లకు ప్రమాదమైంది. లెక్క తేలేసరికి ఎక్కువ ఆక్సిజన్ పొందిన 28 మందిలో ఏడుగురికి జబ్బు తీవ్రంగా వచ్చింది. తక్కువ పొందిన 37 మందిలో ఒక్కరికీ తీవ్రంగా రాలేదు.

తర్వాత 1953–54లో అమెరికాలోని 18 ఆసుపత్రులు కలిసి పెద్ద అధ్యయనం చేశాయి. ఎవరెట్ కిన్సీ దాని సమన్వయకర్త. ఎక్కువ ఆక్సిజన్ ఇచ్చిన పిల్లల్లో నూటికి 23 మందికి కంట్లో మచ్చ మిగిలింది, తగ్గించిన పిల్లల్లో నూటికి 7 మందికి. 1954లో ఫలితం ప్రకటించారు. ఆక్సిజన్ 40 శాతం దాటకూడదని నియమం వచ్చింది. గుడ్డితనం వేగంగా తగ్గిపోయింది. 1956లో పాట్జ్‌కూ కిన్సీకీ లాస్కర్ అవార్డు ఇచ్చారు. మామూలుగా చరిత్ర పుస్తకాలు ఇక్కడ చప్పట్లు కొట్టి ముగిస్తాయి.

ఆడిటర్ ఇక్కడ ముగించకూడదు. ఆ అధ్యయనంలో పిల్లలను చేర్చుకున్నది పుట్టిన 48 గంటల తర్వాత. అంతకుముందే చనిపోయిన పిల్లలు ఆ ఖాతాలో లేరు. కానీ ఆక్సిజన్ తగ్గించాలన్న నియమాన్ని మాత్రం పుట్టిన నిమిషం నుంచి అమలు చేశారు. నెలలు నిండని పిల్లలు ఊపిరితిత్తుల జబ్బుతో ఎక్కువగా చనిపోయేది ఆ మొదటి రెండు రోజుల్లోనే. ఏళ్లు గడిచాక కొందరు మరణాల రిజిస్టర్లు తిరగేశారు. 1973లో కెన్నెత్ క్రాస్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త లాన్సెట్ పత్రికలో ఒక అంచనా ప్రచురించాడు: కాపాడిన ఒక్కొక్క చూపుకు సుమారు పదహారు మంది పిల్లలు ప్రాణాలు కోల్పోయి ఉండవచ్చు. అది అంచనాయే. కానీ ఒక కాలమ్‌లో అంకె తగ్గినప్పుడు రెండో కాలమ్‌లో ఏం పెరిగిందో చూడాలన్న పాఠం అంచనా కాదు.

ఆ రెండు కాలమ్‌ల లెక్క ఇప్పటికీ నడుస్తూనే ఉంది. 2010లో అమెరికాలో 'సపోర్ట్' అనే అధ్యయనం ఫలితాలు వచ్చాయి. 24 నుంచి 27 వారాల మధ్య పుట్టిన 1,316 మంది పిల్లలు. రక్తంలో ఆక్సిజన్ శాతం కొందరిలో 85–89 మధ్య, కొందరిలో 91–95 మధ్య ఉండేలా చూశారు. తక్కువ వైపు, బతికి బయటపడ్డ పిల్లల్లో తీవ్రమైన కంటిజబ్బు 8.6 శాతం. ఎక్కువ వైపు 17.9 శాతం. కానీ చావులు తక్కువ వైపు 19.9 శాతం, ఎక్కువ వైపు 16.2 శాతం. కంటికి మంచిది ప్రాణానికి కాస్త ముప్పు, ప్రాణానికి మంచిది కంటికి కాస్త ముప్పు. ఇందులో ఎవరి తప్పూ లేదు. శరీరం అలా ఉంది.

కానీ 2013లో అక్కడి ప్రభుత్వ పర్యవేక్షణ కార్యాలయం ఒక అభ్యంతరం రాసింది. అధ్యయనంలో చేర్చుకునేటప్పుడు తల్లిదండ్రులు సంతకం పెట్టిన పత్రాల్లో గుడ్డితనం, మరణం ముప్పుల గురించి తగినంత స్పష్టంగా చెప్పలేదని. చాలామంది డాక్టర్లు ఆ అభ్యంతరాన్ని ఖండించారు. ఆ రెండు శాతాలూ అప్పటికే వాడుకలో ఉన్నవే, పిల్లలకు అదనపు అన్యాయం జరగలేదు అన్నారు. వాళ్ల వాదనలో బలం ఉంది. నాకు పట్టింది మాత్రం ఇంకొకటి. డెబ్బై ఏళ్ల చరిత్రలో డాక్టర్లు ఆక్సిజన్ కొలిచారు, మందులు కొలిచారు, కళ్లు, చావులు లెక్కపెట్టారు. తల్లిదండ్రులకు ఏం చెప్పాం, వాళ్లకు ఏం అర్థమైంది అన్న కాలమ్ మాత్రం చివరిదాకా ఖాళీగానే ఉంది.

ఇక వైద్యం సంగతి. 1984లో అంతర్జాతీయ నిపుణులు ఈ జబ్బుకు దశలు, మండలాలు నిర్ణయించి వర్గీకరణ ఇచ్చారు. 1988లో, గడ్డకట్టించే చికిత్స చేస్తే చెడు ఫలితాలు దాదాపు సగానికి తగ్గుతాయని ఒక పెద్ద అధ్యయనం చూపించింది. తర్వాత లేజర్ వచ్చింది. 2003లో ఇంకాస్త ముందే లేజర్ చేస్తే ఇంకా మేలని తేలింది. 2011 నుంచి కంట్లో ఇంజెక్షన్ కూడా వాడుకలోకి వచ్చింది. అన్నింటికీ ఒకటే షరతు. రెటీనా ఊడకముందే పట్టుకోవాలి. చికిత్స అవసరమని తేలాక గడువు రెండు మూడు రోజులే.

మన దేశం సంగతికి వస్తాను. 1990ల చివర్లో లండన్‌లోని క్లేర్ గిల్బర్ట్ ఈ జబ్బు మూడో విడత విజృంభణ గురించి రాసింది. మొదటి విడత 1940లది. రెండోది ధనిక దేశాల్లో అతి చిన్న పిల్లలను బతికించడం మొదలయ్యాక వచ్చింది. మూడోది మనలాంటి దేశాలది. జిల్లా ఆసుపత్రుల్లో కూడా నవజాత శిశు విభాగాలు వచ్చాయి, పిల్లలు బతుకుతున్నారు. ఇది గొప్ప విజయం. కానీ ఆక్సిజన్‌ను గాలితో కలిపి కొలిచి ఇచ్చే పరికరం, రక్తంలో శాతం చూపే పరికరం లేనిచోట నేరుగా సిలిండర్ గొట్టం పెట్టేస్తారు. బర్మింగ్‌హామ్‌లో 1948 తర్వాత జరిగిందే ఇక్కడా జరిగింది. అందుకే అమెరికాలో 1,500 గ్రాములు, 30 వారాల లోపు పిల్లలకు ప్రధానంగా పరీక్ష చేస్తే, మన దేశంలో అంతకన్నా బరువైన పిల్లలకూ చేయాల్సి వస్తోంది.

ఈ విషయంలో మన హైదరాబాద్‌కు మంచి పేరుంది. 1990ల చివర్లోనే ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో సుభద్ర జలాలి నాయకత్వాన జంటనగరాల్లోని శిశు విభాగాలకు కంటి డాక్టర్లే వెళ్లి పరీక్షలు చేసే కార్యక్రమం మొదలైంది. 'తీస్ దిన్ రోష్నీ కే', అంటే చూపు కోసం ముప్ఫై రోజులు, అన్నది వాళ్ల నినాదం. 2008లో బెంగళూరు నుంచి ఆనంద్ వినేకర్ బృందం ఇంకో దారి పట్టింది. శిక్షణ పొందిన టెక్నీషియన్లు కెమెరా పట్టుకుని కర్ణాటక పల్లె ప్రాంతాల ఆసుపత్రులకు వెళ్లి రెటీనా ఫొటోలు తీస్తారు, దూరంగా ఉన్న డాక్టరు చూసి చెబుతాడు. 2013లో మొదలైన కేంద్ర ప్రభుత్వ రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో కూడా ఈ జబ్బును చేర్చారు. మా వాడు పుట్టినప్పుడు, 2008లో, హైదరాబాద్‌లో ఈ పరీక్ష దొరుకుతోంది. మా ఊరి నుంచి ఒక రాత్రి ప్రయాణం. దూరం, డబ్బు మాకు అడ్డంకి కాలేదు. మాట అందకపోవడమే అడ్డంకి.

ఇది మా ఒక్క ఇంటి కథ కాదని సుప్రీంకోర్టు తీర్పు ఒకటి చదివాక తెలిసింది. 1996లో చెన్నైలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో 29 వారాలకు, 1,250 గ్రాముల బరువుతో ఒక పాప పుట్టింది. బాక్సులో పెట్టారు, బతికించారు, ఇంటికి పంపారు. తర్వాత చూపించడానికి తీసుకొచ్చినప్పుడు కూడా కళ్ల పరీక్ష చేయలేదు, ఇలాంటి జబ్బు రావచ్చని తల్లిదండ్రులకు చెప్పలేదు. పాప చూపు పోయింది. తండ్రి ఏళ్ల తరబడి పోరాడాడు. జాతీయ వినియోగదారుల కమిషన్ 5 లక్షలు ఇమ్మంది. 2015 జూలై 1న సుప్రీంకోర్టు పెరిగే ధరలు కూడా లెక్కవేసి మొత్తం సుమారు 1 కోటి 80 లక్షలు ఇమ్మంది. 2019 డిసెంబర్లో ఢిల్లీకి చెందిన ఇంకో కేసులో 76 లక్షలు. ఆ తీర్పుల్లోని లెక్కలు నేను ఆసక్తిగా చదివాను. ఒక వాక్యం చెప్పకపోవడం ఖరీదు అంత. చెప్పడానికి అయ్యే ఖర్చు సున్నా.

ఇక హేతువాద మిత్రులకు ఒక మాట. ఆ రోజు తాయెత్తు మీద గంటసేపు వాదించాను. ఆ తాయెత్తు వల్ల మేలూ లేదు, కీడూ లేదు. 'మూడో నెల దాకా గడప దాటించకూడదు' అన్న ఆచారం మీద ఒక్క నిమిషం కూడా వాదించలేదు. మా వాడి కళ్లు తీసింది ఆ ఆచారమూ, నా మౌనమూ కలిసి. నాలుగో వారం వెళ్లింది, ఆరో వారం వెళ్లింది, వాడు సాంబ్రాణి పొగ మధ్య చీకటి గదిలో భద్రంగా ఉన్నాడు. మూఢనమ్మకం అని మనం వెంటనే గుర్తుపట్టేవి కొన్ని ఉంటాయి. పెద్దరికంగా, జాగ్రత్తగా, ప్రేమగా కనిపించేవి గుర్తుపట్టం. బోస్టన్‌లో ఆక్సిజన్ అలాగే కనిపించింది. మా ఇంట్లో గడప అలాగే కనిపించింది.

ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. డాక్టరు రాసిన చీటీని నేను అడగకుండా మడిచి పెట్టుకోవడం కూడా ఒక రకం భక్తే. ఆఫీసులో ఏ అధికారి పొడి అక్షరాలు రాసినా 'విస్తరించి రాయండి' అని ఫైలు వెనక్కి పంపేవాణ్ణి. ఆసుపత్రిలో ఆ పని చేయడానికి నోరు రాలేదు.

అందుకని ఈ వ్యాసం చదివేవాళ్లు ఇంత గుర్తుపెట్టుకోండి. బిడ్డ 34 వారాల లోపు పుట్టినా, 2,000 గ్రాముల లోపు బరువున్నా పుట్టిన 30 రోజుల్లోగా రెటీనా పరీక్ష జరగాలి. 28 వారాల లోపు, 1,200 గ్రాముల లోపు అయితే రెండు మూడు వారాలకే. 34 నుంచి 36 వారాల మధ్య పుట్టినా, ఆక్సిజన్ మీద ఎక్కువ రోజులు ఉండటం, రక్తం ఎక్కించడం, చీము జ్వరాలు లాంటివి జరిగి ఉంటే పరీక్ష అవసరమా అని డాక్టర్ని అడగాలి. ఆ 30 రోజులు లెక్కపెట్టేది పుట్టిన రోజు నుంచి, ఇంటికి వచ్చిన రోజు నుంచి కాదు. చుక్కల మందు వేసి, రెప్పలు విప్పి చూస్తారు. బిడ్డ ఏడుస్తాడు. తల్లి మనసు తరుక్కుపోతుంది. కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. ఒక్కసారి చూపించి ఊరుకోకూడదు. నాళాలు అంచుకు చేరాయి, ఇక అక్కర్లేదు అని డాక్టరు చెప్పేదాకా చెప్పిన తేదీలకల్లా వెళ్లాలి. డిశ్చార్జి కౌంటర్లో బిల్లు కట్టేముందు ఒక ప్రశ్న అడగండి: "మా బిడ్డకు కళ్ల పరీక్ష ఏ తేదీన, ఎక్కడ?" తేదీని తెలుగులో రాయించుకోండి.

2020లో మన దేశంలో సుమారు 30 లక్షల మంది పిల్లలు నెలలు నిండకుండా పుట్టారని అంచనా. వాళ్లలో ఎక్కువమందికి ఈ పరీక్ష అవసరం ఉండదు. అవసరమైన వాళ్లలో ఎక్కువమందికి చికిత్స అవసరం ఉండదు. కానీ ఎవరికి అవసరమో చూడకుండా ఎవరూ చెప్పలేరు. జాతకం చెప్పలేదు, తల్లి మనసు చెప్పలేదు, నాలాంటి హేతువాది కూడా చెప్పలేడు.

మా వాడికి ఇప్పుడు పదిహేడేళ్లు. బ్రెయిలీ చదువుతాడు, కంప్యూటర్ చదివి వినిపిస్తుంటే వింటూ ఇంటర్ పాఠాలు రాసుకుంటున్నాడు. లెక్కల్లో నాకన్నా చురుకు. పోయిన వేసవిలో ఒకరోజు, "తాతయ్యా, అప్పట్లో మీకు ఎవరూ చెప్పలేదా?" అని అడిగాడు. చెప్పలేదని చెబితే సగం నిజం. రాసి ఇచ్చారు, నేను అడగలేదు అని చెప్పాను. వాడు కాసేపు ఊరుకుని, "ఆ బిల్లులో ఎంత తప్పు పట్టుకున్నావు?" అన్నాడు. ఆరు వందల రూపాయలు అని చెప్పాను.

ఆ చీటీ ఇప్పటికీ నా ఫైల్లోనే ఉంది. సంఘం సమావేశానికి ఎప్పుడైనా తీసుకొచ్చి చూపిస్తాను.